మన చేనులో సముద్రం లేదు

ముంబై

ప్రియమైన అన్నకు,

నీ చెల్లెలు సుజాత నమస్కరించి రాస్తున్నది. నేనిక్కడ బాగానే ఉన్నాను. మీరందరూ బాగున్నారని తలుస్తాను. వదిన మోకాలి నొప్పి తగ్గిందా? బాన్సువాడ దవాఖానలో మళ్ళీ చూపించావా? నీ ఉత్తరానికి జవాబు ఆలస్యమైంది. పని ఎక్కువై కాదు, రాయడానికి ముఖం చెల్లక.

ఇక్కడ వాన విడవడం లేదు. ఉతికిన బట్టలు ఆరవు. హాస్టల్ చపాతీలతో నోరు చచ్చిపోయింది, వదిన ఇచ్చిన మామిడికాయ తొక్కు అయిపోవచ్చింది. ఎవరైనా వస్తుంటే కొంచెం పంపండి. డోంగ్లి ఊళ్ళో చిన్నమ్మ దగ్గర నేర్చుకున్న మరాఠీ మాత్రం పనికొస్తోంది. నా గురించి ఫికర్ చేయకండి.

నా పనేమిటని పిల్లలు అడిగారట. సముద్రంలో నూనె కోసం తవ్వే బావుల రాతిపొడిని జల్లెడలో కడిగి, మైక్రోస్కోపు కింద తడి కుంచె మొనతో గవ్వలు ఏరుతాను. ఆవగింజలో సగం కూడా ఉండవు. కోట్ల ఏళ్ళ కిందటి సముద్రపు జీవులవి. ఒక్కో కాలానికి ఒక్కో రకం. రెండు బావుల్లో ఒకే రకం దొరికితే ఆ రెండు పొరలూ ఒకే కాలానివి. రాయి రంగు ఒకటే కదా అని పొరలు కలపకూడదు. మా మేడం నేర్పిన మొదటి పాఠం అదే.

అది తెలిసీ మన చేనులో తప్పు చేశాను. ఎండాకాలంలో నేను ఊరికి వచ్చినప్పుడు "రాళ్ళ సదువు సదివినవ్ గదా, బోరు ఏడ ఎయ్యాల్నో జెప్పు" అన్నావు. పక్క చేను రహీం చాచా బావిలో ఎర్రరాయి దగ్గర నీళ్ళున్నాయి. మన గట్టు పక్క గుంతలోనూ అదే ఎర్రరాయి కనపడింది. ఒకే పొర అనుకుని, బోరు ఇక్కడే వెయ్యమని వేలుతో చూపించాను. మనది సముద్రం పరిచిన నేల కాదన్నా. అక్కడ గవ్వలు లేవు, అట్లాంటి పొరలూ లేవు. అంతా గట్టిరాయి, నీళ్ళుంటే దాని పగుళ్ళలోనే. "ఇంకెవలినన్న గూడ అడుగుదాం" అని వదిన అంటే "మా చెల్లెకంటె ఎవలికెర్క?" అని నవ్వావు. నేను పక్కనే నిలబడి మురిసిపోయాను.

బోరులో దుమ్మే వచ్చిందని, చెరకు ఎండుతోందని నీ ఉత్తరంలో చదివాను. "నీ తప్పేం లేదు, భూమి లోపల ఎవలు జూసిండ్రు?" అని రాశావు. చూసి చెప్పడమే నా కొలువు కదా. తిట్టి ఉంటే బాగుండేది.

గవ్వ దొరకకపోతే మా మేడం "తెలియదు" అని రాసి సంతకం పెడుతుంది. నీ ముందు ఆ ఒక్క మాట అనడానికి నాకు నామోషీ అయింది. ఇప్పుడు ఇంకో బోరుకు జాగా చెప్పమంటున్నావు. నాకు తెలియదన్నా. నీళ్ళ సంగతి చూసేవాళ్ళు నిజామాబాద్‌లో ఉంటారు, పిలిపించు. మీ చెల్లె ఏమంటుందని ఊళ్ళో ఎవరైనా అడిగితే, "దానికి తెల్వదట" అని చెప్పు.

వదినకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. కోపం ఉంటే దాచుకోకుండా రాయి. దీవెన మాత్రం ఆపకు.

నీ చెల్లెలు,
సుజాత