లడ్డు గోరు తెగింది

ఏమయ్యా, తలుపు తియ్యంగనే పరేషాన్ గాకు. గా నెత్తుటి మరకలు మన లడ్డుగానివే. నల్ల గోరు గదా, లోపలి నరం కనవడక జర ఎక్కువ కత్తిరించిన. ముందుగాల పసుపు పెడితే, మూతి పచ్చగయ్యేదాంక మొత్తం నాకిండు. తర్వాత కార్న్‌ఫ్లోర్ అద్ది పది నిమిషాలు గట్టిగ వట్టుకుంటే ఆగింది. గా పిండి గిన్నె ఫ్రిజ్ మీదుంది. మళ్ల కారితే గట్లనే చెయ్యి, ఆగకపోతే కుక్కల డాక్టర్ దగ్గరికి తీస్కపో. ఇయ్యాల బయట తిప్పకు.

మూడేండ్ల సంది వానికి అన్నం వెట్టేది నేను. దెబ్బ తాకంగనే కుంటుకుంట పోయి నీ లుంగీ మీద పండుకున్నడు. నువ్వేమో రాంగనే ఒళ్లె కూసోవెట్టుకోని "బంగారం, నొచ్చిందా" అంటవు. మొన్న కత్తిపీటకు నా చెయ్యి తెగితే "నల్లా కింద పెట్టు" అన్నవు, ఫోన్ల కెళ్లి తల గూడ ఎత్తలే.

నేను కొత్తపేట షాపుకు పోతున్న. కూర పొయ్యి మీదుంది.

జ్యోతిక

గోరు వట్టుకున్నప్పుడు వాడు నా బొటనవేలు కొరికిండు. సబ్బుతోని కడిగిన, పోంగపోంగ దవాఖానల సూది ఏయించుకుంట. నేనొచ్చినంక, వాణ్ని అడిగిన గొంతుతోనే నన్ను గూడ ఒక్కసారి అడుగు.