కత్తికి అవతలి గోడ

అక్టోబర్ 4

కుబత్ బైకే ప్రెస్సుకి వచ్చాడు. పెద్దవాడు కాబట్టి, అన్నా అన్నట్టు, బైకే అనాలి. చెల్లి చొల్పొన్ పోయాక దాని అత్తింటి మనిషి మా గుమ్మం తొక్కడం ఇదే మొదలు. వాళ్ళ నాన్న ఇసాబెక్ గారికి ఎనభై నిండుతున్నాయట. కరకోల్‌లో సగం ఊరిని పిలుస్తున్నారట. వచ్చిన ప్రతి అతిథి చేతిలో ఆయన జీవితం మీద ఒక ఫొటోల పుస్తకం పెట్టాలట. ఇక్కడ పేజీలు పెట్టేది నేనే కాబట్టి తెచ్చి నా ముందు కూర్చోబెట్టారు.

వియ్యాలవారి ఆడపిల్లని ముందు ఆటపట్టించాలి కదా, అదొక మర్యాద మాకు. "ఏం కుదాచా, ఇంకా పెళ్ళి చేసుకోకుండా ఎంతమందిని ఏడిపిస్తావు?" అన్నాడు. నవ్వాను. వాళ్ళింటి కోడలిగా వెళ్ళిన నా చెల్లెలు మట్టిలో కలిసి రెండేళ్ళయింది. వీడి జోకులు మాత్రం అవే.

పెన్‌డ్రైవ్ ఇచ్చాడు. సైజు ఎ-ఫోర్, అడ్డంగా. బొమ్మలన్నీ కాగితం అంచు దాకా రావాలి. చుట్టూ తెల్ల మార్జిన్ వదిలితే బీద కొంపలా ఉంటుందట.

అక్టోబర్ 5

ఫొటోల్లో చొల్పొన్ ఉంది.

అన్నిట్లోనూ కలిపి ఒకే ఒక్కదాంట్లో. పెద్దాయన డెబ్బై ఐదో పుట్టినరోజు అయ్యుంటుంది, అప్పటికి అది కొత్త కోడలు. మధ్యలో ఆయన, అటూ ఇటూ కొడుకులు, తర్వాత పెద్ద కోడళ్ళు, బంధువులు. కుడి చివర, తలుపు పక్కన, కెటిల్ పట్టుకున్న చెయ్యి లోపలికి చాపి, మా పిల్ల. టీలు పోసి లేచి వచ్చేసరికి చిన్నకోడలికి మిగిలేది ఎప్పుడూ ఆ చోటే. కళ్ళు సగం మూసుకుపోయాయి. దాని భుజం అయిపోయిన చోటే ఫొటో కూడా అయిపోయింది.

సాయంత్రం దాకా వేరే ఫైలు తెరవలేదు.

అక్టోబర్ 6

ఇది రాసి పెట్టుకోవాలి, లేకపోతే నాకే పిచ్చి అనిపిస్తోంది.

ఆ ఇంట్లో దాని ఫొటో ఒక్కటీ లేదు. పోయిన నలభయ్యో రోజు భోజనాలవగానే అత్తగారు అన్నీ తీసేసింది. దాని కూతురు బెర్మెత్‌కి అప్పుడు రెండేళ్ళు. తల్లిని చూస్తే బెంగపెట్టుకుంటుందని. దాని మొగుడు ఎర్మెక్ మళ్ళీ చేసుకున్నాడు, బెర్మెత్ కొత్తావిడనే అమ్మా అంటోంది. ఆవిడ తప్పేం లేదు, బాగానే చూసుకుంటోంది. ఓసారి నేను ఆల్బం పట్టుకెళ్ళాను. మర్నాడే అది రొట్టెలతో, మిఠాయితో కలిపి మా ఇంటికి తిరిగొచ్చింది. పెద్దయ్యాక చూపిద్దాం అని కబురు పెట్టారు. ఎంత మర్యాదగా చెంపదెబ్బ కొడతారో.

ఈ పుస్తకం మాత్రం ఆ ఇంట్లోనే ఉంటుంది. ఎప్పటికీ ఉంటుంది. బెర్మెత్‌కి చదువొచ్చాక కూడా ఉంటుంది. చొల్పొన్ అందులో మిగిలిందంటే ఒకటే కారణం, అది ఉందని వాళ్ళెవరూ చూడలేదు.

నేను నోరు విప్పితే చూస్తారు.

అక్టోబర్ 9, ఉదయం

బొమ్మ అంచు దాకా రావాలంటే అంచు దాటి రావాలి. మా పనిలో మొదటి పాఠం. బొమ్మని కొలతకి సరిగ్గా పెడితే, కత్తి వెంట్రుకవాసి అటు జరిగినా తెల్ల గీత పడుతుంది. అందుకని చుట్టూ మూడు మిల్లీమీటర్లు ఎక్కువ పోనిస్తాం. ఆ బ్లీడ్ అంతా కత్తి కింద పోయేదే. ఆకాశమో గడ్డో ఉంటే బాధ లేదు. ఇక్కడ ఉన్నది మనిషి. బ్లీడ్ కోసం ఫొటోని పెద్దది చేస్తే దాని భుజం పోతుంది. కోత మిషను దగ్గరుండే మా మామత్ బైకే కోసే తీరుకి చెంప కూడా పోవచ్చు.

ఎడమ పేజీకి మారిస్తే? ఆ కుడి చివర కుట్టు వైపు పడి, అందులో ఇరుక్కుపోతుంది. చూశాను.

అక్టోబర్ 10

కుబత్‌కి ఫోన్ చేశాను. ఆ గ్రూప్ ఫొటో ఒక్కదానికి మార్జిన్ పెడితే హుందాగా ఉంటుందని అన్నాను. ఆ ఒక్కదానికే ఎందుకని అడిగాడు. ఎంత మామూలు ప్రశ్న. నాన్నని కిటికీలోంచి చూసినట్టుంటుంది, వద్దు అన్నాడు. సరే అన్నాను.

ఫోన్ పెట్టేశాను. సిగ్గేసింది.

అక్టోబర్ 11

గోడ కట్టాను.

ఫొటో అయిపోయిన చోటు నుంచి, దాని భుజం అవతల, అదే గోడని రంగు కలిపి గీసుకుంటూ పోయాను. అదే సున్నం, అదే నీడ. తలుపు చట్రం కూడా కాస్త వేశాను. కత్తికి మూడు మిల్లీమీటర్లు, దానికి ఊపిరాడేందుకు ఒక గోరు వెడల్పంత. ఇంకా వేస్తే పెద్దాయన మధ్యలోంచి పక్కకి జరిగిపోతాడు. కుబత్ గుడ్డివాడు కాదు, కనిపెట్టేస్తాడు.

రెండేళ్ళలో దానికోసం నేను చేసిన పని ఇదొక్కటే. బాగుంది. నిజంగా బాగుంది.

అక్టోబర్ 12

ప్రూఫ్ ఓకే అయింది. గోడని ఎవరూ కనిపెట్టలేదు.

అక్టోబర్ 17

ఇవాళ్టిది వరసగా రాస్తాను.

పుస్తకాలు కుట్టి కోతకి వచ్చాయి. కోత గుర్తు మీదే కొయ్యమని మామత్ బైకేకి పొద్దున్నే చెప్పాను. అలాగే కోశాడు. తెరిచి చూశాను. భుజం ఉంది, పక్కన నా గోడ సన్నగా ఉంది. కళ్ళు తుడుచుకుని టీకి వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి కుబత్ ఉన్నాడు. అంచు మీద బొటనవేలు రాసి చూస్తున్నాడు. కత్తి మొద్దుబారింది, అంచు పీచు లేచింది. "గొర్రె ఉన్నిలా ఉందేంటి బైకే ఇది? ఇంకో కోత వెయ్యి" అన్నాడు. మా దగ్గర అదొక అలవాటు. అంచు బాగోకపోతే ఇంకో కోత. కాగితం తగ్గినా పర్వాలేదు, నునుపుగా ఉంటే చాలు.

మామత్ బైకే నావైపు చూశాడు. ఆయనకి ఏదో తెలిసినట్టే ఉంది. నేను వద్దంటే ఎందుకంటాడు కుబత్. ఏ పేజీ అంటాడు. తెరుస్తాడు. అప్పుడు చూస్తాడు. చూస్తే ఆ ఆకే చింపించేస్తాడు. నేను మాట్లాడలేదు. కత్తి బాగా లోపలికి దిగింది.

అప్పటికీ పీచే. కత్తి మార్చి, ఇంకా లోపలికి జరిపి మళ్ళీ దింపారు.

కుబత్ వేలు రాసి, ఇప్పుడు పట్టులా ఉంది అన్నాడు. నా భుజం తట్టి, విందుకి వస్తావు కదా కుదాచా, మేం పరాయివాళ్ళం కాదు కదా అన్నాడు. వస్తానన్నాను.

అక్టోబర్ 17, సాయంత్రం

ఇప్పుడు తెరిచాను. ముఖం లేదు. నా గోడ లేదు, భుజం లేదు, ముఖం లేదు. అంచులోంచి ఒక చెయ్యి లోపలికి వచ్చి కెటిల్ పట్టుకుని ఉంది. మోచేతి దాకా.

చెప్పి ఉంటే చింపేవాళ్ళు. చెప్పలేదు, కోసేశారు. అయితే నేను నోరు మూసుకుని ఏం కాపాడినట్టు? కనీసం అరిచి ఉంటే అదంటూ ఒకతి ఉండేదని ఒకరికైనా గుర్తొచ్చేది. ఆ గదిలో ఒక్కసారైనా దాని పేరు వినిపించేది.

అక్టోబర్ 18

పనికి వెళ్ళలేదు. అమ్మకి చెప్పలేదు. పుస్తకం బాగా వచ్చిందా అని అడిగింది. వచ్చిందన్నాను.

అక్టోబర్ 20

మామత్ బైకే కోసి పారేసిన ముక్కలు ఒక సంచిలో పోసి నా కుర్చీ కింద పెట్టాడు. మధ్యాహ్నం అంతా వెతికాను. అన్నీ సన్నటి పీలికలు. ఒక దాంట్లో కన్ను, ఇంకో దాంట్లో చెవి పక్క జుట్టు. పక్కపక్కన పెడితే కలవవు. కత్తి వెళ్ళిన దారిలో కాస్త పొడైపోతుంది కదా.

అక్టోబర్ 22

విందు. పుస్తకాలు పంచారు. బెర్మెత్ వచ్చి నా ఒళ్ళో కూర్చుంది. తాతని చూపించింది, నాన్నని చూపించింది. అంచు దగ్గర ఆగింది.

"ఈ చెయ్యి ఎవరిది?"

మీ అమ్మది అన్నాను, దానికొక్కదానికే వినపడేలా.

అది ఎదురుగా టీ పోస్తున్న కొత్తావిడ చేతులవైపు చూసింది. మళ్ళీ బొమ్మవైపు చూసింది. తర్వాత మిగతా మనిషి కోసం ఆకు తిప్పింది. అవతల పక్క గుర్రాలున్నాయి.