నెల్ మెడలోని సంచి

అంబ్రోస్ బావకు,

నీ ఉత్తరం ఉన్ని మోసే పడవ మీద చేరింది. నీ చెల్లెలు నెల్ చివరి రోజు ఏం జరిగిందో ఏదీ దాచకుండా రాయమన్నావు. రాస్తున్నాను. అత్తయ్యకు మాత్రం చదివి వినిపించకు.

ఆ ఉదయం మంచు కురిసింది. నెల్‌నూ థామసిన్‌నూ ఒకే బండిలో సంతవీధికి తెచ్చారు. థామసిన్‌ని నువ్వెరగవు. నూలు వడికే పిల్ల. ఇరవై కూడా నిండలేదు. తోళ్ళ వర్తకుడు గాడ్‌ఫ్రీకి మేనకోడలు. వేసవి ఊరేగింపులో పూజారి క్రీస్తు దేహంగా చూపే పవిత్రమైన రొట్టెను ఎత్తి పట్టుకొని వస్తుంటే ఊరంతా వీధిలో మోకరిల్లింది. నేనూ మోకరిల్లాను. వీళ్ళిద్దరూ నిలబడే ఉన్నారు. మనిషిని కాల్చెయ్యడానికి రాణి చట్టానికి ఆ మాత్రం చాలు.

ఇద్దరినీ ఒకే కొయ్యకు వీపులు ఆనించి నిలబెట్టారు. నడుములకు గొలుసు బిగించినవాడు జైలరు గిల్బర్ట్ క్రాస్క్.

"కొంచెం వదులు చెయ్యి క్రాస్క్. ఎక్కడికీ పారిపోనులే" అంది నెల్.

ముందు వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. క్రాస్క్ వదులు చెయ్యలేదు.

తుపాకిమందు సంచి సంగతి నీకు తెలుసు. కాలబోయే మనిషి మెడలో దాన్ని కట్టడానికి షెరీఫ్‌లు అడ్డు చెప్పరు. మంట అందగానే పేలుతుంది, బాధ అక్కడితో తీరిపోతుంది. అయినవాళ్ళు చేయగలిగింది అంతే. మందు సంపాదించడమే కష్టమైంది. సంచి నేనే కుట్టాను, గొర్రెతోలుతో, ఎర్రదారంతో. నాకు కుట్టు చేతకాదు. మా ఇంట్లో ఆ పని నెల్‌ది. పక్కనే కత్తెర పెట్టుకొని కూడా దారం పంటితో కొరికేది. పళ్ళు పాడవుతాయని నేను కసిరేవాణ్ణి. కేంబ్రిడ్జిలో చదివింది పళ్ళ గురించేనా మేస్టారూ అని ఎగతాళి చేసేది. ముడి ఊడిపోతుందన్న భయంతో నేను తాడును కూడా సంచికి కుట్టేశాను.

ముందురోజు దాన్ని క్రాస్క్ చేతికిచ్చాను. నన్ను లోపలికి పోనివ్వలేదు. "పొద్దున్నే నేనే కడతాను మేస్టారూ. దిగులు పడకండి" అన్నాడు.

కొయ్య దగ్గర ఇద్దరి శాలువలూ లాగేశారు. నెల్ మెడ బోసిగా ఉంది. ఎర్రదారం థామసిన్ మెడలో ఉంది.

నేను అరిచాను. కాపలావాడొకడు ఈటె వెనక కొసతో నా పక్కటెముకల్లో పొడిచాడు. లేచేసరికి నిప్పు పెట్టేశారు.

కట్టెలు పచ్చివి. తడిసిన ఎల్మ్ చెట్టు కొమ్మలు. పొగ వచ్చింది కానీ మంట లేవలేదు. గాలి తిరిగి మంటను థామసిన్ వైపు కొట్టింది. పెద్ద చప్పుడు. ఆ పిల్ల తల వాలిపోయింది. నెల్ జుట్టు అంటుకుంది, అంతే. కాళ్ళు మోకాళ్ళ దాకా నల్లబడ్డాక కూడా ఆమె మాట్లాడుతూనే ఉంది. "ఎవరైనా ఎండుకట్టెలు వెయ్యండమ్మా" అని అడిగింది. ఎవరూ కదల్లేదు. చివరికి రొట్టెల కొట్టు మార్జరీ తన పొయ్యిలోకి తెచ్చుకున్న మోపు మోసుకొచ్చి విసిరేసింది. అందుకు ఆమెను జుట్టు పట్టి ఈడ్చి కొట్టారు. ఆ మోపు అంటుకున్నాకే నెల్ మాట ఆగింది. ఒక చెయ్యి అప్పటికే గొలుసు మీంచి రాలి నిప్పుల్లో పడింది. ఆమె చివరిదాకా నా వైపే చూసింది. నేను కళ్ళు తిప్పుకోలేదు. నా గురించి చెప్పుకోదగ్గది అదొక్కటే.

క్రాస్క్ ఆ సంచిని గాడ్‌ఫ్రీకి అమ్ముకున్నాడు. ఇందులో నాకు అనుమానం లేదు.

నువ్వు సముద్రం దాటేటప్పుడు మా ఇంట్లో వదిలిన బాకు సానపట్టాను. క్రాస్క్ ఆదివారం పొద్దున గుడికి మిల్లు వంతెన మీదుగా ఒక్కడే వెళతాడు. మెడలోనే పొడుస్తాను. తర్వాత నన్నేం చేసినా సరే. నాకోసం ప్రార్థించకు.

లాంబర్ట్


బావా,

క్రాస్క్ బతికే ఉన్నాడు. ఎందుకో చెబుతాను, చివరిదాకా చదువు.

ఆదివారం రాకముందే ఒక మధ్యాహ్నం గుడి గంటలు మోగాయి. రాణి పోయింది. ఆమె చెల్లెలు సింహాసనం ఎక్కి, కాల్చడాలు ఆపించింది. నెల్‌ను ఇంకో పక్షం జైల్లో ఉంచి ఉంటే ఇంటికి నడిచి వచ్చేది. ఆ లెక్క నేను వెయ్యను. నువ్వూ వెయ్యకు.

సంతలో బీరు పీపాలు పగలగొట్టారు. అదే నోళ్ళు, అదే వీధి. బీరు అయిపోవచ్చేసరికి క్రాస్క్ గుర్తొచ్చాడు. అతని భార్య వాళ్ళ కాళ్ళు పట్టుకొని ఏడుస్తున్నా వినకుండా ఇంట్లోంచి ఈడ్చుకొచ్చారు. నన్ను పిలవడానికి మనిషి వచ్చాడు. బాకు నడుముకు కట్టుకొని వెళ్ళాను.

కాలిన కొయ్య మొదలు ఇంకా అక్కడే ఉంది. క్రాస్క్‌ను దానికే కట్టారు. ఒక కన్ను మూసుకుపోయింది. కుడిచేతి వేళ్ళు సుత్తితో చితక్కొట్టారు. మెడలో వాళ్ళే కట్టిన తుపాకిమందు సంచి వేళ్ళాడుతోంది.

"రండి మేస్టారూ, మీ వంతు అట్టేపెట్టాం" అన్నాడు కమ్మరి డిగరీ. నెల్ నడుముకు బిగించిన గొలుసు అతని కొలిమిలో చేసిందే.

"చలికి వణుకుతున్నాడు పాపం. కాస్త వెచ్చబెట్టండి" అని ఎవరో వెనకనుంచి అన్నారు. అందరూ నవ్వారు.

డిగరీ నా చేతిలో దివిటీ పెట్టాడు. నేను పట్టుకున్నాను బావా. దగ్గరికి వెళ్ళి అడిగాను. "నా సంచి గాడ్‌ఫ్రీకి ఎందుకిచ్చావు?"

"నేనివ్వలేదు. మీ ఆవిడే ఇచ్చేసింది, ఆ పిల్లకి."

మళ్ళీ నవ్వారు. డిగరీ అతని నోటి మీద గుద్దాడు. క్రాస్క్ నెత్తురు ఉమ్మి, నాతోనే మాట్లాడాడు.

"తెల్లారేసరికి ఆ పిల్ల గోడకేసి తల బాదుకుంటోంది మేస్టారూ. నేను మీ ఆవిడకి సంచి కట్టి ఇటు తిరిగానో లేదో, తీసి ఆ పిల్లకి కడదామని చూసింది. రాలేదు. మెడ వెనక ముడి నేను గట్టిగా బిగించాను, సంచినేమో తాడుకే కుట్టేశారుగా మీరు. కత్తెరడిగింది. జైల్లో కత్తెరెక్కడిదమ్మా అన్నాను. ఆ కుట్టు పక్కపంటితో కొరికేసింది. కొరికి నవ్వింది. 'మా మేస్టారు చూస్తే ఇప్పుడు కసురుతారు' అంది."

నేను దివిటీ కిందికి దించాను.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పొద్దంది. తెలిస్తే మీరు ఆ పిల్లని తిట్టుకుంటారట. అయినా మీరు అడగలేదుగా."

పంటితో దారం కొరికే అలవాటు మా గడప దాటి ఎవరికీ తెలియదు. నేను కసిరే సంగతి అసలే తెలియదు. క్రాస్క్ కల్పించగలిగిన మాట కాదది.

దివిటీ గుర్రాల నీళ్ళ తొట్టిలో పడేశాను. డిగరీ ఊరుకోలేదు. మొదటి దెబ్బకు నా ముందుపళ్ళు రెండు ఊడిపోయాయి. కింద పడ్డాక ఎంతమంది తన్నారో చూడలేదు. ఇంకో దివిటీ తెమ్మని అరుస్తున్నారు. మార్జరీ బిందెడు నీళ్ళు తెచ్చి క్రాస్క్ మెడలోని సంచి మీద గుమ్మరించింది. "ఇక పేల్చుకోండి వెధవల్లారా" అంది. తడిసిన మందుతో వేడుకేముంటుంది. ఒక్కొక్కళ్ళే పీపాల దగ్గరికి జారుకున్నారు. కానిస్టేబులు వచ్చి క్రాస్క్‌ను గుడి గోపురం కింద గదిలో పెట్టి తాళం వేశాడు.

ఇప్పుడు అతని మీద నేరం, చావబోయేదాని సంచి దొంగిలించి అమ్మాడని. గాడ్‌ఫ్రీ తాను కొనలేదంటున్నాడు, ఎవరూ నమ్మడం లేదు. న్యాయాధికారి దగ్గర నా ప్రమాణం ఒక్కటి చాలట. డిగరీ ఇందాక ఇంటికొచ్చాడు. "కోపంలో చెయ్యి చేసుకున్నాను, ఏమనుకోకండి. రేపు ఒక్క మాట చెప్పండి మేస్టారూ. మిగతాది మేం చూసుకుంటాం" అన్నాడు.

క్రాస్క్‌ను నేను క్షమించలేదు. గొలుసు వదులు చెయ్యమంటే చెయ్యలేదతను. పచ్చికట్టెలు పేర్చింది అతనే. అందుకు ఉరి తీస్తామంటే నేను అడ్డుపడను. కానీ సంచి దొంగిలించాడని ఉరి తీస్తే, నెల్ చేసిన దానం ఊరి లెక్కలో దొంగతనమైపోతుంది. ఆమె దగ్గర అప్పటికి మిగిలింది ఆ సంచి ఒక్కటే. దాన్ని ఇచ్చేసి, అంతసేపు కాలింది. కాలుతూ నా వైపు చూసింది, నేను కసురుతానేమోనని. దాన్ని క్రాస్క్ పేరున రాయనివ్వను.

నీ బాకు ఈ ఉత్తరంతో పాటు పడవవాడి చేతికిస్తున్నాను. దాని మీద నెత్తురు లేదు.

నా మీద నమ్మకం లేక, క్రాస్క్‌ను నదిలోకి నెట్టెయ్యడానికి డిగరీ మనుషులు మిల్లు వంతెన దగ్గర కాపు కాస్తారని మార్జరీ చెప్పింది. రేపు పొద్దున తాళం తీయగానే క్రాస్క్ భుజం కింద చెయ్యి వేసి, ఆ వంతెన మీదుగానే న్యాయాధికారి ఇంటికి నడిపించుకు వెళతాను. నది వైపు నేను నడుస్తాను. నా భార్య ఏం చేసిందో అక్కడ అందరి ముందూ చెబుతాను.

లాంబర్ట్