దేవుడి డబ్బా నిండేదాకా

1974 జూన్ 9, ఆదివారం

స్థలం చూశాను. కొనేస్తున్నాను.

ఇంతకంటే రాసే ఓపిక లేదు. కాళ్లు లాగేస్తున్నాయి. ఎంత సంతోషంగా ఉందో.

జూన్ 10, సోమవారం, డ్యూటీకి ముందు

ఇవాళ వివరంగా రాస్తాను. ఇంటి ఓనరు దీపావళికల్లా ఖాళీ చెయ్యమన్నాడు. కొడుకు పెళ్లట. రాయగడ ఆసుపత్రికి నర్సుగా వచ్చిన పధ్నాలుగేళ్లలో ఇది నా అయిదో అద్దె ఇల్లు. ఒకచోట నుయ్యి లేదు. ఒకచోట చేపలు వండనివ్వలేదు. ఇంకోచోట మేం ప్రార్థన పెట్టుకుంటే పక్కవాటా వాళ్లు గోడ బాదేవారు. నాకు నలభై ఒకటి నిండాయి. పెళ్లి లేదు, పిల్లలు లేరు. నా గోడకి నా చేత్తో ఒక మేకు కొట్టుకోవాలని ఉంది, ఎవరినీ అడగకుండా.

ఈ సంగతి గున్నయ్య ఎలా పసిగట్టాడో! వీధి కుళాయిలకి నీళ్లు వదిలే మనిషి. తెల్లారితే ఊరంతా తిరుగుతాడు. ఎవరింట్లో ఏమవుతోందో అతనికి తెలిసినంత పాస్టరుగారికి కూడా తెలియదు. నిన్న గుడిలో ఆరాధన అయ్యాక కొల్నార రోడ్డులోకి తీసుకెళ్లి, రోడ్డు మీద నుంచే చూపించాడు. ఎర్రమట్టి నేల, మూల ఒక ఇప్పచెట్టు. ధర రెండుసార్లు చెప్పించుకున్నాను. పోస్టాఫీసులో నా తొమ్మిదేళ్ల సేవింగ్స్ అచ్చంగా సరిపోతుంది. ఇంత చవక ఎందుకని అడగలేదు. అడిగితే పెంచేస్తాడేమోనని భయం.

బేగి తేల్చీయండి సిస్టరమ్మా, ఇంకో పార్టీ కాసుక్కూసున్నాడు, సోమారానికి కట్టేస్తానంటన్నాడు, అన్నాడు.

ఇంటికొచ్చి పిన్నికి చెప్పాను. కమలాంబ పిన్ని మా అమ్మకి చెల్లెలు. పార్వతీపురం మిషన్ హాస్టల్లో ముప్ఫై ఏళ్లు వంట చేసి రిటైరై, ఇప్పుడు నా మీద పెత్తనం చేస్తోంది. అంతా వింది. లేచి వెళ్లి దేవుడి బియ్యం డబ్బా తెచ్చి నా ముందు బోర్లించింది. ఖాళీ. పొద్దున్నే గుడికి ఇచ్చేశాం కదా.

ఇది నిండనీ అమ్మీ, అప్పుడు కొందువుగాని, అంది.

జూన్ 11

పిన్ని మీద కోపంగానే ఉంది.

పిడికెడు బియ్యం మా చర్చి వాళ్లందరి ఇళ్లలోనూ ఉన్నదే. ఎసట్లో పోసేముందు ఒక పిడికెడు తీసి దేవుడి పేర డబ్బాలో వేస్తాం. నిండాక గుడిలో ఇస్తే స్త్రీల సమాజం వాళ్లు వేలం వేస్తారు. మా అమ్మమ్మ దానికి ఇంకో పని కూడా తగిలించింది. పెద్ద ఖర్చు ఏదైనా మనసులో పడితే, ఆ రోజు నుంచి మొదలుపెట్టి డబ్బా నిండేదాకా పైసా తియ్యకూడదు. నిండిన రోజున కూడా కావాలనే అనిపిస్తే కొనుక్కోవచ్చు.

ఇది బైబిల్లో ఎక్కడుందని అడిగాను. నీ కుట్టుమిషను కూడా బైబిల్లో నేదు, అంది పిన్ని.

ఎత్తిపొడవకుండా ఉండలేదు. 1968లో ఎగ్జిబిషన్‌లో కొన్నాను. రెండు జాకెట్లు కుట్టాక దారం తెగడం మొదలుపెట్టింది, ఇప్పటికీ తెగుతూనే ఉంది. దానితో ఫ్రీగా ఇచ్చిన టేపు మాత్రం బాగా పనిచేస్తోంది. ఆ తరవాత హార్మోనియం. దాని గురించి రాయను.

జూన్ 14

ఇది నాలుగు శేర్ల డాల్డా డబ్బా. రోజుకి రెండు పిడికిళ్లు. నెల దాటుతుంది. నెల్లాళ్లు ఆ స్థలం ఉంటుందా?

డ్యూటీ లేని పూట ఎసరు నేనే పెడుతున్నాను. పిడికిలి కొంచెం పెద్దది చేశాను. అబద్ధం ఎందుకు, రెండు చేతులతోనూ వేస్తున్నాను.

జూన్ 16, ఆదివారం

దొరికిపోయాను.

నీ పిడికిలి ఎప్పుడు పెరిగిందే అమ్మీ, దేవుడికి పెడతన్నావా, దేవుడికి లంచమిస్తన్నావా, అంది పిన్ని. ఇక బియ్యం తనే వేస్తుందట. పిన్నిది చిన్నపిల్ల చెయ్యి. అది నిండేసరికి క్రిస్మస్ వస్తుంది.

నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది.

జూన్ 17, సోమవారం

గున్నయ్య ఓపీ గుమ్మం దగ్గరికే వచ్చేశాడు. ఇంకో పార్టీ శనివారం దాకా ఆగుతానన్నాడట. నా కోసం బతిమాలి ఒప్పించాడట. ఇంజెక్షన్లు చేస్తూనే థాంక్స్ చెప్పాను.

జూన్ 24

ఇంకో పార్టీ మళ్లీ ఆగాడు, వచ్చే సోమవారం దాకా. ఎవరోగాని నాకంటే ఓపిక ఉన్నవాడు.

రిజిస్ట్రీ ఎప్పుడని అడిగాను. అదంతా నాను సూసుకుంటాను, ముందు కాయితం మీద రాసుకుందాం, ఈ రోడ్డులో అందరూ అలాగే రాసుకున్నారు, మీకేటి భయం, అన్నాడు. సరేనన్నాను. నాకు ఇంటి ప్లాను తప్ప ఇంకేమీ కనిపించడం లేదు. కేస్‌షీటు వెనక వంటిల్లు గీశాను. డాక్టరమ్మ చూసి, ఇదేం ఎక్స్‌రే అంది.

జూన్ 29, శనివారం

డబ్బు తీసేశాను.

పోస్టాఫీసులో కౌంటరు అతను మొత్తమా అని రెండుసార్లు అడిగాడు. మొత్తమే అన్నాను. ట్రంకు పెట్టెలో యూనిఫాం చీరల కింద పెట్టాను. పిన్నికి చెప్పలేదు. సోమవారం పొద్దున ఇచ్చేస్తాను. డబ్బా సగం కూడా రాలేదు.

తొమ్మిదేళ్ల నైట్ డ్యూటీలు ఆ గుడ్డసంచిలో ఉన్నాయి. చేత్తో పట్టుకుంటే బరువే లేదు.

జూన్ 30, ఆదివారం, సాయంత్రం

ఇది రాయాలని లేదు. అయినా రాస్తాను.

గుడి అయ్యాక బస్సెక్కి కొల్నార రోడ్డులో దిగాను. ఒక్కదాన్నే. వంటిల్లు ఎటువైపో కొలుచుకోవాలని టేపు కూడా పట్టుకెళ్లాను. మూడు రోజులుగా వానలు. ఈసారి రోడ్డు మీద ఆగలేదు, చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికి దిగాను.

నా స్థలంలో ఒకామె చోడి, అదే రాగి, నారు నాటుతోంది.

మోకాళ్లదాకా చీర ఎగగట్టి, వంగి, వరసలు వరసలుగా. కోందు ఆదివాసీ ఆడమనిషి. ముప్ఫై ఏళ్లుంటాయేమో. నా తెల్లచీర చూసి గబగబా వచ్చి ఎడమ జబ్బ చూపించింది. మచ్చ. మశూచి టీకాలవాళ్లు ఊరూరా తిరుగుతున్నారు కదా, వాళ్లలో ఒకదాన్ననుకుంది. నాకు వేసేశారు, మా ఆయనకి కూడా వేసేశారు, అంది. టేపు కొంగులో దాచేశాను.

పేరు కుంతి. నా ఒడియా అంతంతమాత్రం, ఆమెదీ అంతే. ఆ రెండూ కలిపి మాట్లాడుకున్నాం. ఈ మడి ఎవరిదన్నాను. మాదే అంది. అమ్మేశారా అన్నాను. ఆమెకి అర్థం కాలేదు. మళ్లీ అడిగితే నవ్వింది. అమ్మడం కాదు, బంధా, తాకట్టు. మొగుడికి జ్వరం తగ్గక మందులకి గున్నయ్య నూరు రూపాయలిచ్చాడట. పంట వచ్చాక తీర్చెయ్యాలట. మొగుడు కాగితం మీద వేలిముద్ర వేశాడట. అందులో ఏం రాశారని అడిగాను. ఏమీ రాయలేదు, తెల్లగా ఉంది, అంది.

ఆమె మళ్లీ నాటుకి వెళ్లిపోయింది. నేను ఇప్పచెట్టు కింద కూలబడ్డాను. నేను కిటికీ ఎక్కడ పెట్టాలా అని గీసుకున్న చోట ఆమె నారు కట్టలు పెట్టుకుంది.

సిగ్గేసింది. టేపు కొంగులోంచి తియ్యకుండానే తిరుగు బస్సెక్కాను.

పిన్నికి అంతా చెప్పాను, ట్రంకు పెట్టె సంగతి కూడా. తిడుతుందనుకున్నాను. గంజి పోసి ఇచ్చింది.

జూలై 1, సోమవారం

గున్నయ్య వచ్చాడు. డబ్బు ఇవ్వడం లేదన్నాను. డబ్బా నిండలేదన్నాను. ఏ డబ్బా అని బుర్ర గోక్కుంటూ వెళ్లాడు.

డబ్బు తిరిగి కట్టబోతే పోస్టాఫీసు కౌంటరు అతను మొత్తమా అని మళ్లీ అడిగాడు. మొత్తమే అన్నాను.

జూలై 3, బుధవారం

ప్రార్థన కూటం అయ్యాక అమృతరావు మాష్టారు గుడిమెట్ల మీద నా పక్కన కూర్చున్నారు. హైస్కూల్లో లెక్కల మాష్టారు. చాలాసేపు గొంతు సవరించుకుని, అమ్మా దయావతీ, ఏటనుకోకు, కొల్నార రోడ్డు స్థలం నువ్వు తీసుకుంటన్నావా, తీసుకోకపోతే సెప్పీ, అన్నారు.

ఇంకో పార్టీ ఆయనే!

ఆయనకి ఇంకో పార్టీని నేనట. సిస్టరమ్మ సోమారం కట్టేస్తాది అని ఆయన్ని, మాష్టారు సోమారం కట్టేస్తాడు అని నన్ను. మూడు వారాలుగా మమ్మల్ని ఒకరి మీదికి ఒకరిని తరుముతున్నాడు. మెట్ల మీద కూర్చుని ఇద్దరం నవ్వాం. ఆయన నవ్వు మధ్యలో ఆగిపోయింది. రెండు వందలు బయానా ఇచ్చేశారట.

కుంతి సంగతి చెప్పాను. ఆయన తల పట్టుకున్నారు. ఆదివాసీ భూమి మన లాంటివాళ్లం కొనాలంటే రెవెన్యూ ఆఫీసరు, ఎస్‌డీఓ పర్మిషన్ ఉండాలమ్మా, నేకపోతే ఎప్పుడైనా తీసి వాళ్లకి ఇచ్చేస్తారు, ఇల్లు కట్టినా పోద్ది, అన్నారు. మరి తెలిసి మీరెందుకు ఇచ్చారని అడిగాను.

ఇంకో పార్టీ ఉందన్నాడు కదమ్మా, అన్నారు.

జూలై 8

మాష్టారు ఎస్‌డీఓ ఆఫీసు పేరెత్తేసరికి గున్నయ్య దిగొచ్చాడు. ఇవాళ మా ఇంటికే వచ్చాడు, మాష్టారు కూడా ఉన్నారు. నా పొట్ట కొట్టేరు సిస్టరమ్మా, నాకు మాత్రం పిల్లల్నేరా, ఒక్కడినే సేస్తన్నానేటి, ఊరంతా సేస్తన్నదే కదా, అన్నాడు. అతను చెప్పినదాంట్లో ఆ చివరి మాట నిజమే. ఆ ఊళ్లో నేనూ ఉన్నాను. అందుకే గట్టిగా తిట్టలేకపోయాను. పిన్ని టీ ఇచ్చింది, కుంతి మొగుడు వేలిముద్ర వేసిన కాయితం అడిగింది.

ఇచ్చాడు. నాలుగు మడతలు. పైనంతా తెలుపు, కింద ఒక బొటనవేలు ముద్ర.

ఆ తెల్లటి చోటంతా చూస్తూ ఉండిపోయాను. అక్కడ నా పేరు ఉండవలసింది.

జూలై 9

బస్సులో వెళ్లి కాగితం కుంతి చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసి, చించి, బురదలో తొక్కేసి, మళ్లీ నాటుకి వంగింది. పంటయ్యాక ఆ నూరు గున్నయ్యకి తనే ఇస్తుందట.

జూలై 11

మాష్టారి బయానాలో నూట ఇరవై తిరిగొచ్చింది. మిగతాది ఆయన అడగడం మానేశారు. నేను మాత్రం ఆసుపత్రి దగ్గర గున్నయ్య కనిపించినప్పుడల్లా అడుగుతున్నాను. అతను కుళాయి తిప్పాలంటూ పరిగెడుతున్నాడు.

జూలై 21, ఆదివారం

డబ్బా నిండింది. పిన్ని చిన్ని చేతితో, న్యాయంగా.

మూత తీసి చాలాసేపు చూశాను. ఇప్పుడు సెప్పు, ఏటి కావాలి నీకు, అంది పిన్ని. ఇల్లు కావాలి, నిజమే. ఇంకా కావాలి. కాని గుండెల మీద కూర్చున్న ఆ సోమవారం లేచి వెళ్లిపోయింది. నెల్లాళ్ల తరవాత ఈ వారమే ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను.

గుడి వెనక రెండు గదులు ఖాళీ అవుతాయట, మాష్టారు చెప్పారు. అద్దెకే. నుయ్యి ఉంది. చేపలు వండుకోవచ్చు. మేకు కొట్టాలంటే అడగాలి. అడుగుతాను.

బియ్యం గుడిలో ఇచ్చేశాం. వేలంలో మాష్టారే పాడారు.

డిసెంబర్ 1, ఆదివారం

కుంతి ఆసుపత్రికి వచ్చింది. జ్వరం కాదు, ఏమీ కాదు. కొంగు విప్పి ఆ మడిలో పండిన చోడి నా చేతుల్లో పోసి వెళ్లిపోయింది.

పిన్ని అందులోంచి పిడికెడు తీసి దేవుడి డబ్బాలో వేసింది. తెల్లటి బియ్యం మీద ఎర్రగా కనిపిస్తోంది. వేరు చేద్దామని చెయ్యి పెట్టాను.

డబ్బా నిండాక చూద్దామని మూత పెట్టేశాను.