ఏడు రోజుల్లో జవాబు

మిరజ్,
హోలీకి ఎనిమిది రోజుల ముందు

మా ఆఫీసు గదిలో పన్నెండు రోజులు కూర్చుని వెళ్లిన మృణ్మయికి, ఈ ముసలి దగడాబాయి ఆజీ దీవెనలు. కోపం కూడా. రెండూ తీసుకో.

రాస్తున్నది పక్కింటి షంషాద్, జాకెట్లు కుట్టే మనిషి. చెబుతున్నది నేను. నా మాట ఒక్కటి మార్చినా తన కుట్టుమిషను బెల్టు కోసేస్తానని ముందే చెప్పాను. "తిట్లు కూడా రాయాలా ఆజీ?" అంటోంది. అవే ముందు రాయమన్నాను.

శ్రావణంలో నువ్వు పుణే నుంచి వచ్చి మన పిల్లల ఆశ్రమానికి వెబ్‌సైటు చేసిపెట్టావు. అందులో ఒక ఫారం పెట్టావు. ఇక్కడి నుంచి దత్తతకు వెళ్లిన పిల్లలు, ఇప్పుడు పెద్దవాళ్లయి ఏ దేశంలో ఉన్నా సరే, పేరు, పుట్టిన ఏడు, తెలుసుకోవాలనుకున్న సంగతి నింపి 'పంపు' అన్నచోట నొక్కితే, అది ఉత్తరమై కార్యదర్శి ఇనామ్‌దార్ ఫోనులో పడుతుందన్నావు. నేను నమ్మలేదు. "ఏదన్నా చెప్పు ఆజీ, పరీక్షకి పంపుతాను" అన్నావు. ఇవాళ పప్పులో ఉప్పెక్కువైందని రాయమన్నాను. నేను కొంగు సర్దుకునేలోగా నీ ఫోనూ ఆయన ఫోనూ టింగుమన్నాయి. ఎంత నవ్వాం! పంపినవాళ్ల కళ్లెదుట ఒక మాట కనిపిస్తుందని కూడా చదివి వినిపించావు. 'మీ ఉత్తరం అందింది. ఏడు రోజుల్లో జవాబు రాస్తాం.'

ఎవరు రాస్తారు పిల్లా? ఎవరినడిగి ఆ మాట ఇచ్చావు?

రోజూ ఆఫీసులో టీ ఇచ్చేది నేను. నాకు చూపు తగ్గింది కానీ చెవులకేం కాలేదు. ఇనామ్‌దార్ ఫోను మోగుతుంది. "ఇంకొకరు పుట్టుక వెతుక్కుంటూ దిగారు" అంటాడు. బొటనవేలితో పక్కకు ఒక్క తోపు తోస్తాడు. ఆ ఉత్తరం అంతటితో సరి. ఒకరోజు అడిగాను, "సాహెబ్, జవాబు ఇవ్వరా?" అని.

"ఏం రాయమంటావు దగడాబాయీ? కాగితాలన్నీ వరదలో కొట్టుకుపోయాయి కదా."

"కాగితాలు పోయాయి. నేను పోలేదుగా."

"నువ్వు టీ పొయ్యి" అన్నాడు.

నలభై ఒక్క ఏళ్లు ఆ ఉయ్యాలలు ఊపాను. నాకు అక్షరం రాదు. కానీ వచ్చిన ప్రతి బిడ్డా ఏ గుడ్డలో చుట్టి వచ్చిందో దాంట్లోంచి జానెడు ముక్క కత్తిరించి నా బొంతలో కుట్టుకున్నాను. ఏ ముక్క మీద చెయ్యి పెట్టినా ఆ బిడ్డ ఏ నెలలో వచ్చింది, ఎవరు తెచ్చారు, ఎలా ఏడ్చేది, అన్నీ చెప్పగలను. వరద వచ్చిన రోజు వాళ్లు బీరువా తాళంచెవి కోసం వెతుకుతుంటే, నేను బొంత నడుముకు చుట్టుకుని మేడ ఎక్కాను. ఆశ్రమం పద్దు అదొక్కటే మిగిలింది.

అందుకే చెబుతున్నాను. ఆ ఉత్తరాలు షంషాద్ ఫోనుకి కూడా వచ్చేలా చెయ్యి. ఒక చిరునామా పెట్టినా పది పెట్టినా ఫారానికి ఒకటేనని నువ్వే అన్నావు. నేను మరిచిపోలేదు. చెయ్యకపోతే ఆ 'ఏడు రోజులు' అన్న మాట తుడిచెయ్యి. మాట ఇచ్చి తప్పడానికి మా ఆశ్రమానికి నీ సాయం అక్కర్లేదు. అది మాకు ముందే వచ్చు.

ఇది దగడాబాయి ఎడమ బొటనవేలి ముద్ర. (సిరా ఎక్కువ పూసింది, మసకగా పడింది. షంషాద్)

*

మిరజ్,
హోలీ మర్నాడు

మృణ్మయికి, ఈసారి దీవెన ఒక్కటే. కోపం చూపే అర్హత ఈ ఉత్తరంలో నాకు లేదు.

నీ జవాబు షంషాద్ రెండుసార్లు చదివింది. ఆ ఉత్తరాలు మనుషుల సొంత విషయాలనీ, ఆశ్రమం ఒప్పుకోకుండా బయటివాళ్ల ఫోనుకి పంపడం తప్పనీ రాశావు. తప్పే, ఒప్పుకున్నాను. చివర్లో ఒకటి అడిగావు. 'అసలు ఎవరి ఉత్తరం కోసం ఇంత ఆరాటం ఆజీ?' అని. ఆ మాట దగ్గర షంషాద్ ఆగి నా ముఖం చూసింది. "నీళ్లు కావాలా?" అంది. వద్దు, రాయి అన్నాను.

ఇరవై తొమ్మిదేళ్ల కిందటి మాట. బీడ్ జిల్లా వైపు నుంచి చెరకు నరకడానికి వచ్చే గుంపుల్లో హౌసా అని ఒక పిల్ల ఉండేది. పంతొమ్మిదేళ్లు ఉంటాయేమో. మొగుడు బండి తిరగబడి పోయాడు. చంకలో రెండు నెలల ఆడపిల్ల. తోటలో గుడిసె, చలి, తెల్లారకముందే కొడవలి పట్టాలి. పసిదాని దగ్గు చూసి గుంపు మేస్త్రీ ఇద్దరినీ మన ఆశ్రమానికి తీసుకొచ్చాడు. "సీజను అయ్యేదాకా చూడక్కా. చక్కెర ఫ్యాక్టరీ మూయగానే వచ్చి తీసుకెళ్తా" అని హౌసా బిడ్డను నా చేతిలో పెట్టింది. బిడ్డను పంచదార పేరు పెట్టి సాఖరీ అని పిలిచేది. ఆఫీసులో ఒక కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. అందులో ఏముందో ఆమెకు తెలీదు, నాకూ తెలీదు. వేలిముద్ర వేసేవాళ్లం కాగితం మీద ఏముందని అడగం, ఎక్కడ వెయ్యాలని అడుగుతాం.

ఆ బిడ్డ కాలికి నల్లతాడుతో ఒక ఇత్తడి గంట కట్టి ఉండేది. పెద్దదేం కాదు, వాళ్ల ఎద్దు మెడపట్టీలోది.

ఫ్యాక్టరీ మూయడానికి పంతొమ్మిది రోజుల ముందు బొంబాయి నుంచి మనుషులొచ్చి బిడ్డను తీసుకెళ్లారు. అక్కడి నుంచి పరదేశం. బిడ్డలతో ఏ వస్తువూ పంపకూడదని నియమం. నేను ఆ గంట జోలె మడతలో దాచి పంపాను. నేను చేసిన మంచిపని అదొక్కటే. ఇక రెండోది విను.

హౌసా వచ్చింది. నడుముకి కొడవలి, చేతిలో ఎర్ర గౌను. అప్పటి ఆశ్రమం పెద్దమ్మగారు, ఇప్పుడు లేరు, లోపలే కూర్చుని నాతో, "గేటు దగ్గరికి వెళ్లి పిల్ల పోయిందని చెప్పు. బతికుందంటే పోలీసులు, గొడవ" అన్నారు. నాకూ ఇద్దరు పిల్లలున్నారు, ఆ జీతమే దిక్కు. వెళ్లాను. చెప్పాను. హౌసా ఏడవలేదు. "మట్టి ఎక్కడ?" అంది. పిల్లను పూడ్చిన చోటు చూపించమని. ప్రహరీ వెనక సీతాఫలం చెట్టు కింద ఒక చోటు చూపించాను.

మృణ్మయీ, ఆమె ఏటా వస్తోంది. ఫ్యాక్టరీ మూసిన మర్నాడు బండ్లు ఊరికి మళ్లేముందు వచ్చి, ఆ ఉత్త నేల మీద బెల్లం ముక్క పెట్టి, కాసేపు కూర్చుని, నా కాళ్లకు దణ్ణం పెట్టి పోతుంది. "నా బిడ్డను మట్టి చేసిన చేతులక్కా" అంటుంది. ఇరవై తొమ్మిది దణ్ణాలు. మా అమ్మకు నాకు ముందు పుట్టినవాళ్లు ముగ్గురు పోయారు. రాయి పేరు పెడితే చావు ముట్టదని నాకు దగడా అని పెట్టింది. చావు నిజంగానే ముట్టలేదు.

భాద్రపదంలో ఇనామ్‌దార్ ఒక ఉత్తరం పైకి చదివి నవ్వాడు. "ఇది చూడు! డెన్మార్కు నుంచి ఒకావిడ. తన దగ్గర ఒక ఇత్తడి గంట తప్ప ఏ ఆధారమూ లేదట. గంట పట్టుకుని అమ్మను వెతకాలట!" అన్నాడు. నా చేతిలో టీ ఒలికింది. తుడుచుకుని తలెత్తేలోగా బొటనవేలితో తోసేశాడు.

అది హౌసా బిడ్డ. ఆ చిరునామా కావాలి నాకు. ఉగాది వెళ్లాక ఫ్యాక్టరీ మూస్తారు. హౌసా పోయినేడు దగ్గుతూ వచ్చింది, గోడ పట్టుకుని కూర్చుంది. వచ్చే ఏడు ఉంటుందో లేదో. తుడిచేసిన ఉత్తరం మళ్లీ దొరుకుతుందా? నిజం చెప్పు. నాకు అబద్ధం చెబితే ఇట్టే పట్టేస్తాను, చెప్పడంలో అలవాటు ఉన్నదాన్ని.

దగడాబాయి ముద్ర. (ఆజీ ఏడవలేదు. నేనే. షంషాద్)

*

మిరజ్,
చైత్రం సగం

మృణ్మయికి దగడాబాయి ఆజీ.

పరీక్షకని పెట్టిన నీ చిరునామా తీసెయ్యడం మరిచిపోయానని రాశావు. ఎనిమిది నెలలుగా ప్రతి ఉత్తరమూ నీకూ వస్తూనే ఉందనీ, ఒక మూల చేరిన ఆ పదిహేడింటిని నువ్వు ఒక్కసారీ తెరవలేదనీ. షంషాద్ అది చదివినప్పుడు నాకు తిట్టు రాలేదు. ఆయన తోసేశాడు, నువ్వు తెరవలేదు, నేను నోరు విప్పలేదు. ముగ్గురం ఒకే గేటుకు కాపలా.

ఆ పదిహేడింటిలో మూడు సాఖరీవే అని రాశావు. మొదటిది గంట సంగతి. రెండోది, 'ఏడు రోజులన్నారు, నెల దాటింది, మర్చిపోయారేమో' అని. మూడోది పుష్యంలో. 'ఇక అడగను. మీకు తెలియదనే అనుకుంటాను. తెలిసి చెప్పలేదని అనుకోవడం కష్టంగా ఉంది.' ఆ మాట షంషాద్ చేత ఎన్నిసార్లు చదివించుకున్నానో లెక్క లేదు.

ఇనామ్‌దార్ దగ్గరికి వెళ్లి, "ఆ ఫారం ఉత్తరాలకు జవాబు నేను చెబుతాను, మీరు రాయించండి. లేదంటే గేటు దగ్గర నేనాడిన అబద్ధం బజారులో నిలబడి చెబుతాను" అన్నాను. "నీ పరువే పోతుంది" అన్నాడు. "నాది పోయి ఇరవై తొమ్మిదేళ్లయింది సాహెబ్, మీది చూసుకోండి" అన్నాను. ఆ ఉత్తరాలు షంషాద్ ఫోనుకీ పంపి, జవాబులు రాయమని నీకు అనుమతి కాగితం వచ్చింది అందుకే.

ఇక హౌసా. ఉగాది వెళ్లగానే వచ్చింది. కర్ర ఊతంతో. సీతాఫలం కింద బెల్లం పెట్టబోతే చెయ్యి పట్టుకున్నాను. "హౌసా, ఇక్కడ ఎవరూ లేరు" అన్నాను. మొత్తం చెప్పాను. ఆమె కొడవలి ఆమె చేతికందేలా జరిపి కూర్చున్నాను. ఏం చేసినా సరే అనుకున్నాను.

ఆమె కొడవలి వైపే చూడలేదు.

"తెలుసక్కా" అంది.

"ఏం తెలుసు?"

"ఆనాడు, పంతొమ్మిది రోజుల కిందట తవ్వామన్నావు. ఆ చోట పాత చీమలపుట్ట ఉంది, నేల బండలా ఉంది. మట్టి పని చేసేదాన్ని, తవ్విన నేలకీ తవ్వని నేలకీ తేడా తెలీదా నాకు?"

మరి ఆనాడే నా జుట్టు ఎందుకు పట్టుకోలేదే అని అడిగాను.

"అడిగితే ఇంకో అబద్ధం చెప్పేదానివి. గేటు మూసేసేవాళ్లు. బిడ్డ బతికుందన్నది ఒక్కటే నా దగ్గర మిగిలింది, దాన్ని ఎవరి చేతిలో పెట్టను? ఏటా వచ్చి నీ కాళ్లు పట్టుకుంటే, ఏదో ఒక ఏడు నీ నోరు తెరుచుకుంటుందనుకున్నా. ఇన్నేళ్లు పడుతుందనుకోలేదు."

"మరి బెల్లం?"

"చచ్చినవాళ్లకా అక్కా బెల్లం? పుట్టినరోజుకి పెడతారు."

పిల్లకి రాయించనా అని అడిగాను. "నేను వదిలేయలేదని ఒక్కటి రాయించు. చాలు. రమ్మనొద్దు. వస్తే వస్తుంది" అంది. మెడతాడు లాగి ఒక ఇత్తడి గంట చూపించింది. ఆ ఎద్దు మెడపట్టీలోదే, రెండోది. షంషాద్ ఫోటో తీసింది. అదే నీకు పంపింది.

నువ్వు ఆ రోజే డెన్మార్కుకు రాశావు. ఇవాళ్టికి పన్నెండో రోజు. జవాబు లేదు. ఎందుకుంటుంది? మూడుసార్లు తలుపు కొట్టి వెళ్లిపోయిన మనిషి, వెనక నుంచి పిలిస్తే ఆగాలని ఏముంది? బండ్లు బీడ్‌కి మళ్లాయి. పోయేటప్పుడు హౌసా దణ్ణం పెట్టలేదు. బెల్లం ముక్క నేల మీద పెట్టకుండా నా అరచేతిలో పెట్టింది. "వచ్చే సీజనుకి ఉంటే వస్తా. ఇన్నాళ్లూ నేను ఎదురుచూశాను, ఇక నువ్వు చూడు" అంది.

చూస్తున్నాను. షంషాద్ ఫోను మోగితే మిషను ఆపి ముందు నా ముఖమే చూస్తుంది, తర్వాతే తీస్తుంది. ఎక్కువగా జాకెట్ల బేరాలే.

తక్కిన పద్నాలుగు ఉత్తరాలకూ బొంత ముందేసుకుని జవాబులు చెబుతున్నాను. నువ్వు రాసి పంపు. తెలియనిచోట తెలియదనే రాయి. ఫారం కింద ఉన్న ఆ 'ఏడు రోజులు' అన్న మాట మాత్రం ఇవాళే తీసెయ్. దాని బదులు ఇలా రాయి: 'మీరు రాసింది ఇక్కడ ఒక ముసలిది చదివించుకుని వింటుంది. తెలిసింది దాచదు.'

రాశాక పరీక్షకి ఒకటి పంపించు. ఈసారి ఉప్పు సంగతి వద్దు. సాఖరీ అని ఒక్క మాట పంపు, చాలు. అది ఇక్కడిదాకా వస్తుందో లేదో వింటాను.

దగడాబాయి, ఎడమ బొటనవేలు.