ఫలితం రాకముందే

అమ్మకు,

ఇక్కడ మేము బాగానే ఉన్నాం. అక్కడ నీ మోకాలి నొప్పి తగ్గిందని, లాండ్రీలో నీకు కూర్చుని చేసే పని ఇచ్చారని అనుకుంటున్నాను. నా చిన్నప్పుడు నా పలక మీదే నువ్వూ అక్షరాలు దిద్దావు. కూడబలుక్కుని చదువుకోవడానికి వీలుగా పెద్దపెద్దగా రాస్తున్నాను. ఎవరిచేతా చదివించకు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. మాత్రలు ఒక్క పూట కూడా మానలేదు. కడుపులో బిడ్డకు చెరుపేమోనని నువ్వు భయపడ్డావు కదా. నేనూ డాక్టరమ్మను అదే అడిగాను. "మానేస్తేనే బిడ్డకు ప్రమాదం తల్లీ" అంది. పోయినసారి పరీక్షలో నా రక్తంలో వైరస్ కనిపించనంతగా తగ్గిపోయింది. కళ్లద్దాల షాపు యజమాని నాకు ఎత్తు కుర్చీ వేయించాడు. "నువ్వు నిలబడి అద్దాలు బిగిస్తుంటే వచ్చినవాళ్లు నన్ను తిట్టిపోస్తున్నారు, కూర్చో" అన్నాడు.

నీ అల్లుడు ఎప్పుడైనా మాట జారాడా అని అడిగావు. నీకూ నాకూ హెచ్ఐవి ఉందని పెళ్లికి ముందే అతనికి చెప్పాను కదా. ఆ రోజు ఎలా ఉన్నాడో ఇప్పుడూ అలాగే ఉన్నాడు. మాత్ర మింగాక నోరు తెరిచి చూపించమంటాడు. "నేనేమైనా చిన్నపిల్లనా" అంటే, "చదువుకున్నవాళ్లను అసలు నమ్మకూడదు" అంటాడు.

ఇక దాచిన సంగతి. ఇంకా నెల ఉందని నీకు ఫోన్‌లో చెప్పాను. అప్పటికే పాప పుట్టింది, అమ్మా.

ముందుగా వచ్చేసింది. బాగా చిన్నది. నా జబ్బు వల్లేనా అని అడిగితే డాక్టరమ్మ దాచలేదు. "ఈ జబ్బున్న తల్లులకు ఇలా కావడం కొంచెం ఎక్కువే. ఏ జబ్బూ లేనివాళ్లకూ అవుతుంది. నీకు ఎందుకైందో నేను చెప్పలేను" అంది. ఆ మాట నాకు ఎంతో ఊరట. నువ్వు ఇన్నేళ్లూ నాకు జబ్బు నీవల్లే వచ్చిందని కుమిలిపోయావు. నాకిప్పుడు తెలిసింది, ఏ తల్లీ తెలిసి ఇచ్చేది కాదు అది.

పాపకు రోజూ మందు చుక్కలు వేస్తున్నారు. డాక్టరమ్మ సలహా మీద నా పాలే పడుతున్నాను. రక్తం పరీక్షకు పంపారు. ఫలితం ఇంకా రాలేదు. ఇదొక్కటే కాదు, పాలు మానేదాకా మళ్లీ మళ్లీ పరీక్షలుంటాయట.

ఆ ఫలితం చేతికొచ్చాకే నీకు చెబుదామనుకున్నాను. పక్కింటావిడ బిడ్డను నీ ఒళ్లో పెట్టబోతే నువ్వు చేతులు వెనక్కి కట్టుకోవడం నేను మర్చిపోలేదు. ముట్టుకుంటే రాదని డాక్టర్లు ఎన్నిసార్లు చెప్పినా నీ చేతులు వినలేదు. నా పాపను కూడా గుమ్మంలో నిలబడి చూసి వెళ్లిపోతావని భయపడ్డాను.

ఇక్కడ ఆసుపత్రిలో ఇంత చిన్నపిల్లలను, మన పైబట్ట తీసి, రొమ్ముకు ఆనించి పడుకోబెట్టుకోమంటారు. ఆ వెచ్చదనానికే బరువు పెరుగుతారట. ఇప్పుడు నీ అల్లుడి వంతు. టైర్ల షాపు నుంచి నేరుగా వచ్చాడు. పెద్ద నర్సు గుమ్మంలోనే ఆపేసింది.

"ఆ గ్రీజు వదలగొట్టుకుని రా నాయనా. నా వార్డులో నాకు పేచీ ఆ చేతులతోనే."

"మరి మా ఆవిడనేమీ అనవేం?"

"ఆమె శుభ్రంగా కడుక్కుంది. నీకేం రోగం?"

అమ్మా, నా జబ్బు సంగతి పెద్ద నర్సుకు తెలుసు. అయినా ఆమె వెనక్కి పంపింది గ్రీజు చేతులనే.

మేమిద్దరం వంతులేసుకున్నా పాపకు ఇంకొక గుండె కావాలి. అమ్మమ్మ పనికొస్తుందా అని అడిగాను. "రమ్మను, ఇంకా ఆలస్యం ఎందుకు" అంది పెద్ద నర్సు. నీ జబ్బు సంగతి కూడా చెప్పాను. అదే జవాబు మళ్లీ చెప్పింది.

ఫలితం మంచిదొస్తే నువ్వు ఎలాగూ వస్తావు. అప్పుడు కాగితాన్ని చూడ్డానికి వచ్చినట్టవుతుంది. దానికంటే ముందే రా. ఏదొచ్చినా అది నీ మనవరాలే.

ఏమీ తేవద్దు. రోజంతా సబ్బునీళ్లలో నానే చేతులు నీవి. ఇక్కడ సబ్బు గుమ్మం దగ్గరే ఉంటుంది. అందరిలాగే కడుక్కుని, లోపలికి రా.

ఇట్లు,
నీ కూతురు,
నీ మనవరాలి అమ్మ