చిట్టి నేర్పిన రెండు బిల్లులు

ఆదివారం రాత్రి

చిట్టీ, కుట్రాలంలో నీ ఏడాది తిథి ముగించుకుని సాయంత్రం రాజపాళయం ఇంటికి చేరాం. నువ్వుండగా ఏటా లాడ్జిలో బేరం నువ్వే మాట్లాడేదానివి. ఈసారి నేను మాట్లాడాను.

ఆని నెల పుడితే అక్కడ జలపాతాల సీజన్, గది వాడగ రెట్టింపు. మేం దిగింది దానికి ముందు నెల వైకాసి చివర, ఆని పుట్టడానికి ఇంకా రెండు రాత్రులుండగా. అయినా గది ఖాళీ చేసేటప్పుడు మేనేజరు నాలుగు రాత్రులకూ సీజన్ వాడగే వేశాడు. మీ నాయన పర్సు తీయబోతే చెయ్యి పట్టుకున్నాను.

"ఏం తంబీ, సీజను పుట్టకముందే సీజను వాడగా? ముందు రెండు రాత్రులకు పాత రేటులో ఒక బిల్లు వెయ్యి. ఆని పుట్టినంక రెండు రాత్రులకు ఇంకొకటి వేసుకో."

అతను నవ్వాడు. "ఎవరమ్మా నేర్పించినారు?"

"మా బిడ్డ."

"ఈ తూరి రాలేదా?"

"బిల్లు వెయ్యి తంబీ" అన్నాను. రెండు బిల్లులూ వేశాడు.

బయటికొచ్చాక మీ నాయన, "అచ్చం చిట్టి మాదిరే మాట్లాడినావే" అన్నాడు. ఎంత గర్వంగా ఉందో! వచ్చే ఏడు అక్కడ అడుగుపెట్టే ధైర్యం ఉంటుందో లేదో…

మిగిలిన డబ్బుతో, నువ్వు ఆశపడి కూడా ధర ఎక్కువని కొననివ్వని మంగుస్తాన్ పళ్లు కొన్నాను. నీ పటం ముందు ఆకులో పెట్టాను. కడుపునిండా తిను తల్లీ.